షుగర్ స్ట్రిప్ ఉంది సరే, మతిమరుపు స్ట్రిప్ ఎందుకు లేదు?

గుంటూరు ఎన్టీఆర్ స్టేడియం దగ్గరైనా, విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియం దగ్గరైనా పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లకు గేటు దగ్గర వేసే ఆ చిన్న బల్ల బాగా తెలుసు. బల్ల మీద బీపీ మిషను, పక్కన గ్లూకోమీటరు. వేలు చాపితే చురుక్కుమని ఒక పోటు, కాసేపటికి తెర మీద అంకె. ముప్ఫై రూపాయలో, యాభై రూపాయలో ఇచ్చి నడక మొదలుపెడతారు.

నేను డిగ్రీ విద్యార్థులకు కెమిస్ట్రీ చెబుతాను. అందుకని ఈ మధ్య తెలిసినవాళ్లు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "మాస్టారూ, మా అమ్మ అడిగిందే అడుగుతోంది. షుగరుకు ఉన్నట్టు మతిమరుపుకు కూడా చుక్క రక్తంతో పరీక్ష వచ్చిందట కదా, నిజమేనా?" ఫోన్లో తిరిగే వీడియోల్లో "ఒక్క చుక్కతో అల్జీమర్స్ గుర్తించే సెన్సర్" అని చూసి అడుగుతున్నారు. రక్తపరీక్ష వచ్చిన మాట నిజం. చుక్క రక్తంతో ఇంట్లోనో, స్టేడియం గేటు దగ్గరో చేసుకునే స్ట్రిప్ మాత్రం రాలేదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరంలో మంచి కెమిస్ట్రీ ఉంది. అది అర్థమైతే ఏ వార్తను ఎంతవరకు నమ్మాలో ఎవరికి వాళ్లే తేల్చుకోగలరు.

ముందు, తొందరగా కనిపెట్టడం ఎందుకంత అవసరమో చూద్దాం. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బులో మెదడులో జరిగే మార్పులు మతిమరుపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయి. అమిలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీను ముక్కలు నాడీకణాల బయట గడ్డలుగా పేరుకుంటాయి. కణాల లోపల టౌ అనే ప్రోటీను చిక్కులు పడుతుంది. పార్కిన్సన్స్‌లో చెయ్యి వణకడం మొదలయ్యేసరికే కదలికలను నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాల్లో సగానికి దగ్గరగా పోయి ఉంటాయి. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలలకు తగ్గట్టు చేతులూ కాళ్లూ విసరడం లాంటివి అంతకు ఏళ్ల ముందే కనిపించవచ్చు. కానీ వాటిని చూసి ఎవరూ మెదడు డాక్టరు దగ్గరకు వెళ్లరు.

2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతి తగ్గించే జబ్బు, ఉంది. అంటే సుమారు 88 లక్షల మంది. చికిత్స విషయానికొస్తే, అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ లాంటి మందులు జబ్బును నయం చెయ్యవు. పద్దెనిమిది నెలల ప్రయోగంలో జబ్బు ముదరడాన్ని సుమారు 27 శాతం నెమ్మదింపజేశాయి. అది కూడా తొలి దశలో ఉన్నవాళ్లకే. మెదడులో వాపు, చిన్నపాటి రక్తస్రావం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. ఆలస్యంగా కనిపెడితే ఈ మాత్రం మేలు కూడా అందదు. ఇప్పటిదాకా ఖాయంగా తెలుసుకోవాలంటే వెన్నులోంచి నీరు తీయాలి, లేదంటే మెదడులోని గడ్డలను చూపించే అమిలాయిడ్ పెట్ స్కాన్ చేయాలి. ఆ స్కాన్ మామూలు ఇంటికి అందే ఖర్చు కాదు. వెన్నులో సూది అంటేనే మనవాళ్లు లేచి ఇంటికి వెళ్లిపోతారు. అందుకే చౌకగా, రక్తంతో తేలే పరీక్ష కోసం ఇంత తపన.

ఇప్పుడు గ్లూకోమీటరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. స్ట్రిప్ చివర సన్నటి గీతలు కనిపిస్తాయి కదా, అవే ఎలక్ట్రోడ్లు. చాలావాటిలో కార్బన్ ఇంకుతో అచ్చు వేసినవి. వాటి మీద ఒక ఎంజైము పూత ఉంటుంది. ఆ ఎంజైము రక్తంలోని గ్లూకోజును మాత్రమే పట్టుకుని దాన్నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది. పక్కనే ఉన్న మరో రసాయనం వాటిని ఎలక్ట్రోడ్‌కు చేరవేస్తుంది. ఎలక్ట్రాన్లు కదిలితే కరెంటే. గ్లూకోజు ఎక్కువుంటే కరెంటు ఎక్కువ. మీటరు చేసేదల్లా ఆ కరెంటును కొలిచి అంకెగా చూపించడం. ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ అంటే ఇంతే: ఒక రసాయనాన్ని గుర్తుపట్టే పొర ఒకటి, ఆ గుర్తింపును విద్యుత్తుగా మార్చే ఎలక్ట్రోడ్ ఒకటి.

ఎంజైమును ఎలక్ట్రోడ్ మీద కూర్చోబెట్టాలన్న ఆలోచనను అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ 1962లో ప్రచురించాడు. ఆ పద్ధతిలో పనిచేసే మొదటి ఇంటి మీటరు 1987లో అమ్మకానికి వచ్చింది. పాతికేళ్లు పట్టింది. అదీ గ్లూకోజు లాంటి అనుకూలమైన పదార్థానికి. రక్తంలో అది పుష్కలంగా ఉంటుంది, దానికి సరిపోయే గట్టి ఎంజైము ప్రకృతిలోనే దొరుకుతుంది, పైగా అది ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. అల్జీమర్స్‌కు గుర్తుగా రక్తంలో వెతికే ప్రోటీన్లకు ఈ మూడు సౌకర్యాల్లో ఒక్కటీ లేదు.

పరిమాణం సంగతే తీసుకోండి. ఇప్పుడు అందరూ నమ్మకం పెట్టుకున్న గుర్తు పి-టౌ217. అంటే టౌ ప్రోటీనులో 217వ స్థానంలో ఫాస్ఫేటు అతుక్కున్న రూపం. ఒక మిల్లీలీటరు రక్తద్రవంలో అది ఒక పికోగ్రాము, తరచుగా అంతకంటే తక్కువే ఉంటుంది. పికోగ్రాము అంటే మనసుకు ఏమీ తట్టదు కాబట్టి ఇలా చూడండి. ప్రకాశం బ్యారేజీ నిండితే 3.07 టీఎంసీల నీళ్లు. ఆ నీళ్లన్నిటిలో సుమారు 87 గ్రాముల ఉప్పు, అంటే గుప్పెడు ఉప్పు, సమంగా కలిపితే వచ్చే గాఢత మిల్లీలీటరుకు ఒక పికోగ్రాము. మన రక్తంలో మామూలుగా ఉండే షుగరు గాఢత రావాలంటే అవే నీళ్లలో 87 వేల టన్నుల పంచదార పోయాలి. తేడా వంద కోట్ల రెట్లు.

మరోలా లెక్కేస్తే, ఒక మైక్రోలీటరు చుక్కలో ఆ ప్రోటీను అణువులు పది పదిహేను వేలకు మించవు. ఒక్కో అణువు ఒక్కో ఎలక్ట్రాన్ ఇచ్చిందనుకున్నా వచ్చే కరెంటును చేతిలో పట్టే మీటరేదీ చదవలేదు. పైగా ఈ ప్రోటీను తనంతట తానుగా చెప్పుకోదగ్గ ఎలక్ట్రాన్లేమీ ఇవ్వదు. అందుకని దొడ్డిదారి వెతకాలి.

ఆ దారి యాంటీబాడీ. ఫలానా ప్రోటీనునే పట్టుకునే యాంటీబాడీలను బంగారు పూత ఎలక్ట్రోడ్ మీద అతికిస్తారు. రక్తంలోంచి ఆ ప్రోటీను వచ్చి అతుక్కుంటుంది. తర్వాత రెండు పద్ధతులు. మొదటిది, ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీని దాని మీదకు పంపడం. ఆ ఎంజైము ఒక్కటే వేలకొద్దీ అణువులను మారుస్తుంది కాబట్టి ఒక్క ప్రోటీను అణువు వేల ఎలక్ట్రాన్ల కరెంటుగా కనిపిస్తుంది. రెండో పద్ధతిలో ఇలా తగిలించే లేబులు ఏదీ ఉండదు. ఎలక్ట్రోడ్ దగ్గరకు తేలిగ్గా వచ్చిపోయే ఒక రసాయనాన్ని ద్రావణంలో కలుపుతారు. ప్రోటీన్లు ఉపరితలాన్ని కప్పేకొద్దీ దాని రాకపోకలకు అడ్డు పెరుగుతుంది. ఆ అడ్డును కొలవడాన్నే ఇంపెడెన్స్ పద్ధతి అంటారు. ఇది చూడ్డానికి అందంగా ఉంటుంది, కడగడాలూ కలపడాలూ తక్కువ. అందుకే కాలేజీ ల్యాబుల్లో మా పిల్లలకు ప్రాజెక్టులంటే ముందు దీని మీదకే మనసు పోతుంది. నాకు మాత్రం మొదటి పద్ధతి మీదే నమ్మకం ఎక్కువ. కారణం రక్తం.

రక్తం చిక్కటి సరుకు. అందులో ఆల్బుమిన్ అనే ఒక్క ప్రోటీనే మిల్లీలీటరుకు సుమారు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. మనకు కావలసిన పి-టౌ కంటే బరువులో కొన్ని వేల కోట్ల రెట్లు. ఈ ఆల్బుమిన్‌కు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ అతుక్కునే గుణం ఉంది. ఇంపెడెన్స్ పద్ధతిలో ఎలక్ట్రోడ్‌ను ఎవరు కప్పినా అడ్డు అడ్డే. కప్పింది టౌ ప్రోటీనో, ఆల్బుమినో ఆ అంకె చెప్పలేదు. బఫరులో, అంటే ల్యాబులో తయారుచేసుకున్న ఉప్పునీటి ద్రావణంలో, అద్భుతంగా పనిచేసిన సెన్సరు నిజమైన రక్తంలో చతికిలపడేది ఇక్కడే. పరిశోధన పత్రాల్లో "ఇంత తక్కువ మోతాదును కూడా గుర్తించాం" అన్న వాక్యం కనిపిస్తే, అది దేనిలో గుర్తించారో చూడాలి. బఫరులోనా? సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) తామే ప్రోటీను కలిపి చూశారా? జబ్బున్నవాళ్ల, లేనివాళ్ల రక్తంలో కొలిచి తేడా చూపించారా? ఈ మూడూ మూడు వేరువేరు మెట్లు. మొదటి మెట్టు ఎక్కినవి చాలా ఉన్నాయి, మూడోది ఎక్కినవి బాగా తక్కువ.

ఆల్బుమిన్‌ను దూరంగా ఉంచడానికి ఎలక్ట్రోడ్ మీద నీటిని ఇష్టపడే పాలిమర్ పొర వేస్తున్నారు. యాంటీబాడీ పూసిన అయస్కాంత పూసలను రక్తద్రవంలో కలిపి, ప్రోటీను పట్టుకున్నాక అయస్కాంతంతో పూసలను ఎలక్ట్రోడ్ మీదకు లాగుతున్నారు. యాంటీబాడీ బదులు ఆప్టమర్ అనే డీఎన్ఏ ముక్కలు వాడేవాళ్లూ ఉన్నారు. ఇవి వేడికి యాంటీబాడీల కంటే బాగా తట్టుకుంటాయి. మే నెల విజయవాడను తల్చుకుంటే ఇది చిన్న విషయం కాదు. మామూలు షుగర్ స్ట్రిప్ డబ్బా మీదే 30 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. ఏసీ లేని పల్లె ఆరోగ్య సబ్‌సెంటర్లో 44 డిగ్రీల మధ్యాహ్నం గడిపిన యాంటీబాడీ స్ట్రిప్ సాయంత్రం చెప్పే అంకెను నేను నమ్మలేను.

ఇంతకంటే లోతైన సమస్య ఒకటుంది. దేన్ని కొలవాలి?

చాలా ఏళ్లు సెన్సర్ల పని అంతా అమిలాయిడ్ బీటా చుట్టూ తిరిగింది. జబ్బుకు మూలంలో ఉన్నది అదే కదా అన్నది తర్కం. జబ్బు వస్తే అమిలాయిడ్ రక్తంలో పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. 42 అమైనో ఆమ్లాలున్న రకం మెదడులో గడ్డలుగా చిక్కుకుపోతుంది కాబట్టి వెన్ను నీటిలో తగ్గుతుంది. 40 ఉన్న రకం అంతగా మారదు. అందుకని రెంటి నిష్పత్తి చూస్తారు. వెన్ను నీటిలో ఆ నిష్పత్తి సగం దాకా పడిపోతుంది. రక్తంలో మాత్రం పది పదిహేను శాతమే తగ్గుతుంది. ఎందుకంటే శరీరంలో మెదడు బయటి కణాలు కూడా ఈ అమిలాయిడ్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి.

ఇక్కడ గ్లూకోమీటరును మళ్లీ గుర్తు చేసుకోవాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం షుగరు వంద దాటినప్పుడు మీటరు చూపే అంకె అసలు విలువకు అటూ ఇటూ 15 శాతం తేడాలో ఉంటే చాలు. 200 ఉన్న షుగరు 225 అని చూపించినా మందు మారిపోదు. అదే నాణ్యతతో అమిలాయిడ్ స్ట్రిప్ చేశామనుకోండి. జబ్బు వల్ల వచ్చే తేడా పది పదిహేను శాతం, స్ట్రిప్ పొరపాటు పదిహేను శాతం. పరీక్ష చేసినా చెయ్యకపోయినా ఒకటే. సెన్సరు ఎంత సున్నితంగా ఉన్నా ఈ గండం గట్టెక్కదు. తక్కువ మోతాదును గుర్తించడం వేరు, కొద్దిపాటి తేడాను ప్రతిసారీ ఒకేలా చెప్పడం వేరు. పి-టౌ217 మీద అందరి చూపూ పడింది అందుకే. జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో అది రెండు రెట్లు, కొన్ని కొలతల్లో అంతకు మించి పెరుగుతుంది. పదిహేను శాతం పొరపాటున్నా ఆ తేడా కనపడుతుంది. దొరకడం కష్టమే, కానీ దొరికాక అది చెప్పే మాట స్పష్టంగా ఉంటుంది. నా దృష్టిలో చౌక సెన్సర్లకు దారి తెరిచింది కొత్త ఎలక్ట్రోడ్ కంటే ఈ ఎంపికే.

డోపమిన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "పార్కిన్సన్స్‌కు సెన్సర్" అన్న పేరుతో కనిపించే పనిలో చాలా భాగం దాని మీదే. డోపమిన్ ఎలక్ట్రోకెమిస్ట్రీకి ముద్దుబిడ్డ. ఎలక్ట్రోడ్ మీద కొద్దిపాటి వోల్టేజీ పెట్టగానే రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, ఎంజైమూ యాంటీబాడీ ఏవీ అక్కర్లేదు. విటమిన్ సి, యూరిక్ ఆమ్లం కూడా దాదాపు అదే వోల్టేజీ దగ్గర ఎలక్ట్రాన్లు ఇచ్చి గందరగోళం చేస్తాయి. విటమిన్ సికి రుణావేశం, డోపమిన్‌కు ధనావేశం ఉంటాయి కాబట్టి రుణావేశమున్న నాఫియాన్ అనే పాలిమర్ పొర వేసి మొదటిదాన్ని తోసెయ్యొచ్చు. 1970ల్లో అమెరికా శాస్త్రవేత్త రాల్ఫ్ ఆడమ్స్ ఎలుకల మెదడులోకి సన్నటి కార్బన్ ఎలక్ట్రోడ్ దింపి ఇలాంటి కొలతలకు దారి వేశాడు. ఆ శాస్త్రం గొప్పది. కానీ మెదడులోని డోపమిన్ మెదడుకూ రక్తానికీ మధ్య ఉన్న గోడ దాటి బయటకు రాదు. రక్తంలో, మూత్రంలో కనిపించేది ఎక్కువగా శరీరంలో వేరేచోట తయారైనది. దాన్ని కొలిచి మెదడులో ఎన్ని కణాలు పోయాయో చెప్పలేం. సెన్సరు ఎంత చక్కగా కొలిచినా ఆ అంకె మన ప్రశ్నకు జవాబు కాదు. పార్కిన్సన్స్‌ను ముందే పట్టడానికి ఇప్పుడు బలంగా ఉన్న గుర్తు ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీను. దాని చెడిపోయిన రూపం మంచి ప్రోటీనును కూడా తన దారిలోకి లాగుతుంది. ఈ గుణాన్ని వాడి, వెన్ను నీటిలో దాన్ని పెంచి చూసే పరీక్ష 2023లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో నూటికి 88 మందిని గుర్తుపట్టింది.

అయితే ఈ డోపమిన్ కెమిస్ట్రీ పార్కిన్సన్స్‌కు మరోచోట నిజంగా అక్కరకొస్తుంది. రోగులు వాడే లీవోడోపా మందు కూడా డోపమిన్ లాగే ఎలక్ట్రాన్లు ఇస్తుంది, రక్తంలో చాలినంత ఉంటుంది. మందు ఎప్పుడు ఎక్కుతోంది, ఎప్పుడు దిగిపోతోంది అన్నదే రోగికి అసలు టెన్షన్. పప్పు, గుడ్లు, మాంసం లాంటి ప్రోటీను తిండితో కలిపి వేసుకుంటే కొందరికి మందు సరిగ్గా అందదు. చెమటలోనో, చర్మం కింద సన్నటి సూదులతోనో లీవోడోపాను కొలిచే సెన్సర్లను అమెరికా ల్యాబుల్లో 2019లోనే చేసి చూపించారు. జబ్బును కనిపెట్టే స్ట్రిప్ కంటే మందు మోతాదు సరిచేసే ఈ పట్టీ ముందుగా మన చేతికి వస్తుందని నేననుకుంటున్నాను.

ఇక రక్తపరీక్ష వచ్చిందన్న మాట. 2025 మే నెలలో అమెరికాలో మందులకు, పరీక్షలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అల్జీమర్స్‌కు మొదటి రక్తపరీక్షను అనుమతించింది. పి-టౌ217కూ అమిలాయిడ్ 42కూ ఉన్న నిష్పత్తిని చూసే పరీక్ష అది. 55 దాటి, మతిమరుపు లక్షణాలు ఇప్పటికే ఉన్నవాళ్లకే. చేసేది పెద్ద ల్యాబు మిషను, చదివేది కాంతిని. అయితే ఎలక్ట్రోడ్‌కు ఇక్కడా చోటుంది. మీ ఇంట్లో థైరాయిడ్ రిపోర్టు ఉంటే టీఎస్‌హెచ్ అంకె పక్కన పద్ధతి పేరు చూడండి. చాలావాటిలో "ఈసీఎల్ఐఏ" అని ఉంటుంది. ఎలక్ట్రోడ్ మీద వోల్టేజీ పెట్టినప్పుడు రుథీనియం అనే లోహపు లేబులు వెలుగు చిమ్మడం దాని సూత్రం. ఇదే పద్ధతిలో అల్జీమర్స్ ప్రోటీన్లను కొలిచే కిట్లు కూడా ఉన్నాయి. గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో ల్యాబుల చుట్టూ తిరిగినవాళ్లకు ఇలాంటి మిషన్లు కొత్తేమీ కాదు. ఎలక్ట్రోకెమిస్ట్రీ మతిమరుపు పరీక్షలోకి చేతి స్ట్రిప్‌గా కంటే ముందు ఈ దారిన అడుగుపెట్టింది.

సరే, రేపే ఒక మంచి స్ట్రిప్ వచ్చిందనుకుందాం. స్టేడియం గేటు దగ్గర బల్ల మీద పెట్టొచ్చా? వద్దని గట్టిగా చెబుతాను. లెక్క చూడండి. అరవై దాటిన వెయ్యి మందికి పరీక్ష చేశాం. వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు 70 మంది అనుకుందాం. స్ట్రిప్ జబ్బున్నవాళ్ల విషయంలోనూ, లేనివాళ్ల విషయంలోనూ నూటికి తొంభైసార్లు నిజమే చెబుతుంది. 70 మందిలో 63 మందిని పట్టుకుంటుంది. మిగతా 930 మందిలో 93 మందికి లేని జబ్బు ఉందంటుంది. మొత్తం 156 మంది భయంతో ఇంటికి వెళితే అందులో 93 మందిది వట్టి భయం. షుగరు ఎక్కువ చూపిస్తే మర్నాడు ల్యాబుకు వెళ్లి తేల్చుకుంటారు. అల్జీమర్స్ అని చూపిస్తే ఆ మనిషి ఇంట్లో ఏం జరుగుతుంది? ఆస్తి కాగితాల దగ్గర్నుంచి వంటింటి స్టౌ దాకా అన్నీ ఆయన చేతిలోంచి లాగేసుకుంటారు.

అదే స్ట్రిప్‌ను మతిమరుపుతో డాక్టరు దగ్గరకు వచ్చిన వెయ్యి మందికి వాడితే సంగతి మారిపోతుంది. వాళ్లలో సగం మందికి నిజంగా జబ్బుందనుకుంటే, 450 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, 50 మందిని మాత్రమే తప్పుగా భయపెడుతుంది. స్ట్రిప్ అదే, దాని మాటకు విలువ మారింది. ఎఫ్‌డీఏ అనుమతి లక్షణాలున్నవాళ్లకే అని గీత గీసింది ఇందుకే. ఆ పరీక్షలో కూడా అయిదుగురిలో దాదాపు ఒకరికి "తేలలేదు" అనే ఫలితమే వస్తుంది. దాన్ని లోపమని నేననను. తేలనిదాన్ని తేలలేదని చెప్పగలగడం మంచి పరీక్ష లక్షణం. చౌక సెన్సర్లు చేసేవాళ్లు కూడా ఎరుపు, ఆకుపచ్చ దీపాల మధ్య ఈ మూడో దీపాన్ని తప్పక పెట్టాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా మరో చిక్కుంది. కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యనివాళ్ల రక్తంలో పి-టౌ217 అల్జీమర్స్ లేకపోయినా పెరుగుతుంది. మూత్రం ద్వారా వెళ్లాల్సినవి నిలిచిపోతాయి. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలిసిందే. పాత షుగరు, బీపీ ఉన్న ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లకు కిడ్నీ కొంత దెబ్బతిని ఉండవచ్చు. అమెరికాలో, యూరప్‌లో ఎక్కువగా తెల్లవారి రక్తంతో ఖరారు చేసిన హద్దు అంకెను (అది దాటితే జబ్బుందనే అంకెను) తెచ్చి ఎ.కొండూరులో వాడితే కిడ్నీ రోగిని మతిమరుపు రోగిగా ముద్ర వేస్తాం. మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) లాంటి చోట్ల మనవాళ్ల రక్తంతో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకెను కూడా చూసుకుంటూ ఈ హద్దులు తేల్చుకోవాలి. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో ఎలక్ట్రోడ్లు తయారుచేసే పిల్లలకు కొదవ లేదు. వాళ్లకు కావలసింది బఫరు సీసా కాదు, డాక్టరు సరిగ్గా పరీక్షించి పంపిన రక్త నమూనా.

అమ్మ అడిగిందే అడుగుతోందని వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒక వరుస. ముందు బి12, థైరాయిడ్ చూపించండి. ఈ రెంటిలో ఏది తక్కువైనా మతి మందగించవచ్చు, సరిచేస్తే కొందరికి తేరుకుంటుంది. చెవులు వినిపిస్తున్నాయో లేదో పరీక్ష చేయించండి, వినపడని మాటను మర్చిపోయిన మాటగా ఇంట్లోవాళ్లు పొరబడతారు. నిద్రమాత్రలు, దురదకు, జలుబుకు వాడే పాత మందుల చీటీలు అన్నీ డాక్టరుకు చూపించండి, వాటిలో కొన్ని పెద్దవాళ్ల బుర్రను మసకబారుస్తాయి. దిగులు ఉందేమో అడగమనండి. ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం మిగిలి, న్యూరాలజిస్టు పి-టౌ217 రాస్తే చేయించండి. ఫలితంతో పాటు ఏ హద్దు అంకెతో పోల్చారో, "తేలలేదు" అనే మధ్య గడి ఉందో లేదో అడగండి. క్రియాటినిన్ రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లండి.